ఒప్పుకున్నా మారని ఉత్తర్వు

నా అల్లుడు మంగలి. నా కూతురూ అతనూ విడిపోయాక, కోర్టు గదిలో కాపలా మనిషి ఎదుట వారానికోసారి మాత్రమే అతను బిడ్డను చూడాలని ఉత్తర్వు వచ్చింది. పిల్ల జుట్టు కళ్ళమీద పడుతున్నా కత్తిరించలేడు. కత్తెర లోపలికి తేకూడదట.

ఇప్పుడు పిల్లను అతని షాపుకు పంపడానికి నా కూతురు ఒప్పుకుంది. అయినా ఉత్తర్వు మారాలంటే మళ్ళీ కేసు వేసి ఏళ్ళ తరబడి తిరగాలన్నారు కోర్టువాళ్ళు.

చట్టం మార్పు గురించి జనం మాట వినడానికి వచ్చిన సంఘం ముందు నా కూతురు నిలబడింది.

"ఇద్దరమూ ఒప్పుకుంటే ఒక్క సంతకంతో ఉత్తర్వు మారాలండి."

"మీరిద్దరూ ఉప్పూ నిప్పూ అని విన్నానే?" అన్నాడు సంఘం పెద్ద.

"ఇప్పటికీ అంతేనండి. పిల్లకు మాత్రం వాళ్ళ నాన్నంటే ప్రాణం. మా పోట్లాట దానికెందుకు?"

పెద్దాయన గుమాస్తాను రాసుకోమన్నాడు. రాసింది చదివి వినిపించేదాకా నా కూతురు కూర్చోలేదు.