కుండలో చొక్కా

తీర్పు రోజు పొద్దున్నే జోతిమణి మధురై మాట్టుతావణి బస్టాండు బయట ఆటో ఆపించి, మునియమ్మాళ్ కోసం కాచుకుని ఉంది. ఆటో జోతిమణి మాట్లాడి పెట్టినదే. మునియమ్మాళ్ వేసుకోవాల్సిన బీపీ మాత్ర, కోర్టు దగ్గర తినాల్సిన ఇడ్లీ పొట్లం, భయపడితే పక్కన కూర్చోవడానికో కౌన్సెలరు, గేటు దగ్గర తోడుగా ఓ ఆడ కానిస్టేబులు, అన్నీ ఆమె ఏర్పాటు చేసినవే. హత్యలకూ దాడులకూ బలైన ఆదివాసీ కుటుంబాలకు పోలీసు, వకీలు, ఆసుపత్రి, కలెక్టరాఫీసు అనే గుమ్మాల మధ్య దారి చూపించడం ఆమె ఉద్యోగం. సంస్థ వాళ్ళు దానికి సమన్వయం అని పెద్ద పేరు పెట్టారు. నిజానికి ఒక ఆఫీసు వాళ్ళు ఇంకో ఆఫీసు మీదికి తోసేసిన మనిషిని చెయ్యి పట్టుకుని మళ్ళీ మొదటి ఆఫీసుకే తీసుకెళ్ళడం, అంతే.

మునియమ్మాళ్ టౌను బస్సు దిగింది. ఉతికిన చీర కట్టుకుని, చంకలో ఖాళీ గుడ్డసంచి ఒకటి పెట్టుకుని వచ్చింది.

"సంచి ఏమిటికి అత్తా?" అంది జోతిమణి.

"చొక్కాయికి పాపా. తీర్పు అయినాక ఇస్తారని నువ్వే కదా చెప్పినావు? మా తమ్ముడు తెల్లారే వచ్చినాడు. కట్టెలు పేర్చి, గడప బయట కూర్చోనుండాడు."

జోతిమణి చెప్పింది, నిజమే. కేసు అయిపోతే ఇచ్చేస్తారత్తా అని ప్రతి వాయిదాకూ చెప్పింది. అడిగినప్పుడల్లా అదే చెప్పింది. ఎవరినైనా కనుక్కుని చెప్పిందా అంటే, లేదు. ఏడుస్తున్న మనిషికి ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి చెప్పింది.

ఆ చొక్కా మునియమ్మాళ్ కొడుకు కదిరవన్‌ది. వాళ్ళు కాట్టునాయకర్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, ఊరితో మాట్లాడేది తమిళం. పేరులో కాడు, అంటే అడవి, ఉన్నా, ఎన్ని తరాల నించో మధురై అంచున మేలూరు రోడ్డు పక్క కాలనీలోనే ఉన్నారు. అడవి లేనిచోట అడవి మనుషులు ఎలా ఉంటారని అడిగి, తెగ సర్టిఫికెట్టు ఇవ్వడానికి మీనమేషాలు లెక్కపెట్టే ఆఫీసర్లు మన దగ్గర బోలెడు మంది. కదిరవన్ మార్కెట్టులో మూటలు మోసేవాడు. పని లేని రోజు వల తీసుకుని కుందేళ్ళకు వెళ్ళేవాడు. అలా దిండిగల్ రోడ్డులో ఓ కొబ్బరితోటలోకి వెళ్ళినవాణ్ణి, మోటారు దొంగతనానికి వచ్చాడని తోట యజమాని కొడుకూ వాడి స్నేహితులూ పట్టుకుని పంపుసెట్టు గదిలో కట్టేసి కొట్టారు. కొట్టి కొట్టి చంపేశారు. మోటారు ఎక్కడిది అక్కడే ఉంది.

శవపరీక్ష అయ్యాక ఆసుపత్రిలో ఎవరో కదిరవన్ చొక్కాను కవర్లో చుట్టి తల్లి చేతికి ఇచ్చేశారు. పోలీసులు తీసుకోవాల్సిన వస్తువు అది. అడిగితే ఆసుపత్రి వాళ్ళు పోలీసులన్నారు, పోలీసులు ఆసుపత్రి అన్నారు. దాని మీద కదిరవన్ నెత్తురుతో పాటు, కొట్టేటప్పుడు చెయ్యి తెగిన యజమాని కొడుకు నెత్తురు కూడా ఉంది. ఆ రోజు వాడి చేతికి కట్టు చూసినవాళ్ళు ఉన్నారు గానీ, కోర్టుకొచ్చి చెప్పే ధైర్యం ఒక్కడికీ లేదు. చొక్కా ఒక్కటే మిగిలిన సాక్షి.

అప్పటి స్టేషను ఇన్‌స్పెక్టరు తోట యజమానికి దగ్గరివాడు. వాడి చేతికిస్తే చొక్కా మాయమవుతుందని, వేరే ఆఫీసరు వచ్చేదాకా ఇంట్లోనే దాచమని వకీలు ప్రభాకరన్ చెప్పాడు. దాచమనడం సులువే. కానీ కాట్టునాయకర్లలో కర్మాంతరం నాడు పోయినవాడి ఒంటిమీది బట్టను మేనమామ తన చేత్తో నిప్పు పెట్టి కాల్చాలి. కాల్చకపోతే వాడు కదలడు. ఆ గడపలోనే నిలబడి ఉంటాడు. అలాంటి ఇంట్లో బంధువులు నీళ్ళు కూడా తాగరు.

ఆ పని ఆపించడానికే జోతిమణిని పంపారు. ఆమెది దిండిగల్ తోళ్ళ షాపుల దగ్గరి క్రైస్తవుల ఇల్లు. నాన్న ఆరోగ్యసామి సున్నపు తొట్లలో నిలబడి తోళ్ళు కడిగినవాడు. ఆ ఇంట్లోనూ తెలుగే. అది మునియమ్మాళ్ తెలుగు కాకపోయినా దానికి చెల్లెలు లాంటిది. ఆమె నోరు తెరవగానే మునియమ్మాళ్ మేడం అనడం మానేసి పాపా అంది. ఆ ఒక్క పిలుపును పట్టుకుని జోతిమణి పని సాధించుకుంది.

"కాల్చొద్దత్తా. తీయొద్దు, ఉతకొద్దు. అట్లే ఉండనీ. వాళ్ళను జైల్లో పెట్టేది ఆ చొక్కాయే."

తమ్ముడు చెల్లప్ప చేతిలో కాగడా అలాగే పట్టుకుని విన్నాడు. "అయితే నా మేనల్లుణ్ణి నిలబెట్టేది మీరు. అది కాలేదాకా నేనీ గడప తొక్కను" అని కాగడాను మట్టిలో గుచ్చి ఆర్పి వెళ్ళిపోయాడు. మునియమ్మాళ్ చొక్కాను కొత్త కుండలో పెట్టి, దూలానికి ఉట్టి కట్టింది. ఆ తర్వాత ఆ ఇంటికి చుట్టం రాలేదు. పక్కింటివాళ్ళు కూడా వీధిలో నిలబడే మాట్లాడి పోయేవారు.

కొత్త ఆఫీసరు రావడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదిలోనే ఒకసారి జోతిమణి కలెక్టరాఫీసు గుమాస్తాతో ఫోనులో గొడవపడుతూ ఆ ఇంట్లో నిలబడి ఉంది. మునియమ్మాళ్ ఆమె కొంగు పట్టుకుని లాగింది.

"వాడు వస్తుండాడు పాపా. ఎందుకమ్మా నన్ను పట్టి పెట్టినావంటాడు. ఇంకొంచెం ఉండు సామీ అని అమావాస్యకు చెప్పుకోవాల. పసుపు నీళ్ళు చల్లి చెప్తాం మా వాళ్ళం. చల్లేదా?"

జోతిమణి ఫోను చెవిలోంచి తీయకుండానే, "చల్లుకో అత్తా" అంది. ఆ గుమాస్తా లైను కట్ చేస్తాడేమోనని ఆమె భయం ఆమెది.

మునియమ్మాళ్ చెప్పిన మాట జవదాటలేదు. చొక్కా తీయలేదు, ఉతకలేదు. కుండ మూత తీసి, అమావాస్య అమావాస్యకు పసుపునీళ్ళు మాత్రం చల్లింది.

కొత్త ఆఫీసరు వచ్చి చొక్కాను ల్యాబుకు పంపాడు. రిపోర్టు వచ్చినప్పుడు ప్రభాకరన్ నెత్తి కొట్టుకున్నాడు. చొక్కా అంతా తడిసి ఆరి, తడిసి ఆరి, బూజు పట్టి పసుపెక్కింది. రెండో మనిషి నెత్తురు ఎవరిదో తేల్చలేమని రాశారు. కోర్టులో అవతలి వకీలు పండగ చేసుకున్నాడు. ఏడాది పాటు ఇంట్లో పెట్టుకుని ఏం కలిపావు, ఎవరు చెయ్యమన్నారు అని తమిళంలో గదమాయించాడు. మునియమ్మాళ్ బోనులోంచి ఒక్కసారి జోతిమణి వైపు చూసింది. జోతిమణి లేచి నిలబడి, నేనే చెప్పానని అరవాలనుకుంది. కూర్చునే ఉంది.

"ఎవరూ చెప్పలేదయ్యా. నా బిడ్డ, నేనే చల్లినాను" అంది మునియమ్మాళ్.

ఆ సంగతి వాళ్ళిద్దరూ తర్వాత ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తకపోవడం మునియమ్మాళ్ మంచితనం, జోతిమణి పిరికితనం.

ఇవాళ తీర్పు. కోర్టు హాల్లో తోట యజమాని వైపు వాళ్ళు ఇస్త్రీ చొక్కాల్లో నాలుగు వరసలు నిండిపోయారు. ఇటువైపు మునియమ్మాళ్, జోతిమణి, కౌన్సెలరు. జడ్జిగారు తల ఎత్తకుండా చదివారు. సందేహానికి తావున్నందువల్ల నిందితులను విడుదల చేయడమైనది. అటువైపు ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగారు. జడ్జిగారు చివరి పేరా కూడా చదివారు. కేసులో దాఖలైన వస్తువు, అనగా చొక్కా ఒకటి, విలువ లేనిదైనందున అప్పీలు గడువు తీరిన పిదప నాశనం చేయవలెను.

విలువ లేనిది. జోతిమణి ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఓ తల్లి చుట్టాలందరినీ వదులుకుని ఇంటి దూలానికి కట్టి కాపాడిన దాన్ని, అరనిమిషంలో చెత్తలో కలిపేశారు. అక్కడికక్కడే లేచి అందరినీ దుమ్మెత్తిపోయాలనిపించింది. కానీ ఆమె పని దుమ్మెత్తిపోయడం కాదు, మునియమ్మాళ్‌ను మెట్లు దింపడం. దింపింది.

వేపచెట్టు కింద ప్రభాకరన్ ఆగాడు. ఆయనది కోయంబత్తూరు వైపు నాయుళ్ళ ఇల్లు. అవినాశిలో పొలాలున్నాయి, అయినా డబ్బు తీసుకోకుండా ఈ కేసు నడిపాడు. మంచివాడే. మంచివాళ్ళకూ చేతగాని పనులుంటాయి.

"అమ్మా, రెండు దారులుండాయి," అన్నాడు. "పైకోర్టుకు అప్పీలు వేస్తే చొక్కాయి ఇక్కడే కోర్టు గదిలో ఉంటాది. అది ముగిసేదాకా ఎవరికీ ఇవ్వరు. ఏళ్ళు పడతాది. అప్పీలు వేండాం, వద్దు అంటే, నాశనం చేయకుండా మీకే ఇమ్మని నేను పిటిషను వేస్తాను. ఇస్తారు. కానీ అక్కడితో కేసు ముగిసింది. వాళ్ళను ఇంక ఎవరూ అడగరు."

మునియమ్మాళ్ సంచిని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. "అప్పీలు వేస్తే వాళ్ళు లోపలికి పోతారా సారూ?"

ప్రభాకరన్ నీళ్ళు నమిలాడు. "ఆ రిపోర్టు అట్ల ఉండగా... కష్టమే అమ్మా."

"నువ్వు చెప్పు పాపా. ఏం చేసేది?"

అంతకాలం ఏ ప్రశ్నకైనా జోతిమణి దగ్గర ఓ జవాబు ఉండేది. ఏ ఆఫీసు, ఏ గది, ఎవరిని అడగాలి, అన్నీ నాలుక చివరే ఉండేవి. అప్పీలు గెలవదని ఆమెకూ తెలుసు. ఎందుకు గెలవదో ఆ ఇద్దరి కన్నా బాగా తెలుసు. చొక్కా తీసుకోత్తా, నీ బిడ్డను పంపించెయ్యి అనాలి. అంటే, తన నోటి నించి వచ్చిన ఒక మాట వల్ల ఆ పిల్లవాణ్ణి చంపినవాళ్ళు బిర్యానీ తింటూ బతికేస్తారు. వెయ్యి అత్తా అంటే, ఆ ఇంటి గడప ఇంకో పదేళ్ళు మూతబడుతుంది. రెంటిలో ఏదన్నా తన తప్పే అవుతుంది. అందుకని గేటు వైపు తల తిప్పుకుంది.

గేటు దగ్గర టపాకాయలు పేలాయి. తోట యజమాని కొడుకును భుజాల మీద ఎత్తుకున్నారు. ఆ చేతి మీద పాత గాటు మచ్చ ఎండలో కనబడుతూనే ఉంది.

మునియమ్మాళ్ అటే చూస్తూ నిలబడింది. "వెయ్యండి సారూ" అంది చివరికి. "నా బిడ్డ పోతే ఇంక అడిగేదానికి ఎవరుండారు? ఉంటాడులే. ఇంతకాలం ఉన్నాడు."

వకాల్తా మీద వేలిముద్ర వేయించుకుని ప్రభాకరన్ వెళ్ళిపోయాడు. ఆటోలో మునియమ్మాళ్ ఏడవలేదు. జోతిమణే ఏడ్చింది. మునియమ్మాళ్ ఆ ఖాళీ సంచితోనే ఆమె మొహం తుడిచి, ఇడ్లీ పొట్లం విప్పి, "తిను పాపా, పొద్దుట్నించి ఏమీ తినలే నువ్వు" అంది. ఆ మాటతో జోతిమణికి దుఃఖం ఇంకా ఎక్కువైంది.

కాలనీలో చెల్లప్ప గడప బయటే కూర్చుని ఉన్నాడు. స్నానం చేసి, తడి పంచె కట్టుకుని ఉన్నాడు. పక్కన తాటి మట్టలు పొందిగ్గా పేర్చి ఉన్నాయి. పైన కర్పూరం పెట్టాడు. చాలా కాలానికి ఇవాళ నలుగురైదుగురు చుట్టాలు కూడా వీధి చివర గుంపుగా నిలబడ్డారు. ఇంట్లోకి వచ్చి నీళ్ళు తాగాలని వచ్చినవాళ్ళే.

చెల్లప్ప అక్క చేతిలోని సంచిని చూశాడు. అది బల్లపరుపుగా ఉంది. వంగి, కర్పూరం తీసి మొలలో దోపుకున్నాడు. తాటి మట్టలు ఒక్కొక్కటిగా ఏరి కట్ట కట్టుకుని నెత్తిన పెట్టుకున్నాడు.

"తమ్ముడా, ఒక గుక్క నీళ్ళన్నా తాగిపో" అంది మునియమ్మాళ్.

"వాడు నిలబడుండగా నేనెట్ల తాగేది అక్కా?" అన్నాడు. తిట్టినట్టు కాదు, ఏడ్చినట్టు అన్నాడు. అని వెళ్ళిపోయాడు. వెనకే చుట్టాలు కూడా వెళ్ళిపోయారు.

మునియమ్మాళ్ లోపలికి వెళ్ళి ఉట్టి దింపింది. చొక్కాను ఎప్పుడో పోలీసులు తీసుకెళ్ళినా కుండను మాత్రం ఆమె కదపలేదు. నీళ్ళు పోసింది. పసుపు డబ్బా తెచ్చి మూత తీసింది. చిటికెడు తీసుకుని, కుండ మీదికి చెయ్యి చాపి, ఆపేసింది. తల తిప్పి గుమ్మంలో నిలబడ్డ జోతిమణిని చూసింది.

"ఇప్పుడు వెయ్యొచ్చునా పాపా? లోపల చొక్కాయి లేదు కదా?"

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడుగుతోంది. తెలియక మళ్ళీ ఏం చెడగొడతానోనని భయపడుతూ, తెలిసిన మనిషిని అడుగుతోంది.

"వెయ్యి అత్తా" అంది జోతిమణి.

మునియమ్మాళ్ పసుపు వేసి, నీళ్ళలో వేళ్ళు ముంచి, గడప వైపు చల్లింది. నీళ్ళు జోతిమణి పాదాల మీద కూడా పడ్డాయి.

"ఇంకొంచెం ఉండు సామీ," అంది అక్కడ ఎవరో ఉన్నట్టే. "పాప పోయి తేదీ కనుక్కోని వచ్చి చెప్తాది."