యాభై సైకిళ్ల వైద్యం

ఓబుళప్ప ఆ చిన్న కరెంటు పెట్టెను తిరగేసి వెనకవైపు చూశాడు. అక్కడ ఏమీ రాసి లేదు.

"సెకనుకు ఎన్ని సైకిళ్ల కరెంటు ఇది?"

"యాభై" అంది ఉమారాణి. హిందూపురంలో ఫిజియోథెరపీ చేసే పిల్ల.

"మా మోటర్లకొచ్చేదీ యాభయ్యే."

"ఇది బ్యాటరీది పెద్దాయనా. చానా చిన్న కరెంటు."

"ఈ పట్టీలు యాడ పెడతావు?"

ఆమె చెప్పింది. ఓబుళప్ప పెట్టెను బల్ల మీద పెట్టేశాడు.

"మా ఇంటిది పోయి ఆరేండ్లాయ. ఆమెక్కూడా ఆ చోటు చూపియ్యలేదు నేను."

"నాకూ చూపియ్యొద్దు. తెర వెనక మీరే అంటించుకోండి. కరెంటు వచ్చినప్పుడల్లా మూత్రం ఆపుకున్నట్టు లోపలికి బిగించండి. అందరికీ ఒకే మాదిరి గుణం రాదు. చూస్తాం."

పట్టీలు అంటించుకుని పడుకున్నాడు. ఐదు సెకన్లు చీమలు పారినట్టు, పది సెకన్లు ఏమీ లేనట్టు. మళ్లీ చీమలు. నలభై ఏళ్లు కరెంటుతో బతికినవాడు, అది ఇంత మెల్లగా నడవగలదని ఎరగడు.

పెనుకొండ బస్టాండు దగ్గర అతనిది మోటర్లు వైండింగు చేసే అంగడి. ఐదు నెలల కిందట బెంగళూరులో ప్రోస్టేటు గ్రంథి తీసేశారు. క్యాన్సరు పోయింది. ఉచ్చ మాత్రం నిలబడటం మానేసింది. కూర్చుంటే ఫరవాలేదు. దగ్గినా, మోటరు ఎత్తినా పంచె తడిసేది. ఒకరోజు అంగడి ముందు అది చూసి, అదే పని చేసే తమ్ముడు వెంకటప్ప గట్టిగానే అన్నాడు:

"పంచె తడుపుకునేవానికి కరెంటు పనేందిన్నా? షాకు కొడతాది. తాళాలు నాకియ్యి."

పక్కనున్న నలుగురు నవ్వారు. ఆ నలుగురి పేర్లూ ఓబుళప్పకు గుర్తున్నాయి.

ఆరోజు మూసిన అంగడి మళ్లీ తెరవలేదు. తాళాలూ ఇవ్వలేదు. ధర్మవరంలో పట్టుదారానికి పురిపెట్టే మిషన్లు నడిపే చౌడక్క, హిందూపురంలో వైద్యం మొదలైనరోజే ఫోను చేసింది. ముప్పై ఏళ్ల నుంచి ఆమె మోటర్లన్నీ అతని చేతి మీదవే.

"ఒక మోటరు ఆగిపోయిందన్నా. వస్తావా, మీ తమ్మునికి చెప్పేదా?"

"రెండు నెలలాగు" అన్నాడు. చౌడక్క పోతే మిగతావాళ్లూ పోతారు. అప్పుడు తాళాలు చేతిలో ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

మూడు వారాల్లో ఆరుసార్లు హిందూపురం పోయి వచ్చాడు. పంచె తడుస్తూనే ఉంది. ఆరోసారి ఉమారాణి తెర పక్కగా కుర్చీ వేసుకుని, బయటికి కనబడే అతని చేతినే చూస్తూ కూర్చుంది.

"పెద్దాయనా, కరెంటు వచ్చినప్పుడల్లా మీ వేళ్లు విచ్చుకుంటాండాయి. ఎందుకు?"

"వదులు చేస్తాండా."

"ఏంది వదులు చేసేది?"

"ఒళ్లు. కరెంటొస్తే బిగించగూడదు పాపా. బిగిస్తే పట్టుకుంటాది. మా గురువు స్పానరుతో మణికట్టు మీద కొట్టి నేర్పిచ్చినాడు."

ఉమారాణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు.

"మూడు వారాలు నేను బిగించమని కరెంటు పంపిస్తాంటే మీరు వదిలేస్తాండారా! మొదటిరోజే చెప్పినా గదా?"

"చెప్పినావు. సదువుకున్న పిల్ల, కరెంటు సంగతి ఈమెకేం తెలుసులే అనుకుంటి."

"ఈ కరెంటు ఏ కండ బిగించాలో చూపిస్తాది. దాంతోబాటు మీరూ బిగిస్తేనే కండకు బలమొచ్చేది. ఇంట్లో పట్టీల్లేకుండా కూడా చెయ్యల్ల. బరువెత్తే ముందర, దగ్గే ముందర, బిగించినాకనే."

మనిషి కూడా చెయ్యి కలిపితేనే నడిచే కరెంటు పనిని ఓబుళప్ప అంతకుముందు చూడలేదు. చీమలు మళ్లీ పారాయి. వేళ్లు వాటంతట అవే విచ్చుకోబోయాయి. మూసి పట్టుకుని, లోపలికి బిగించాడు. నుదుటిన చెమట పట్టింది. లోపల ఎక్కడో ఒక కండ పైకి లేచింది. అరవై నాలుగేళ్లుగా అది తనలో ఉందని అతనికి తెలియదు.

"ఇదేనా?"

"అదే" అంది ఉమారాణి.

తరవాతి ఐదు వారాలు వంట దగ్గర, బస్సులో, పడుకునేముందు అదే పని. మార్చుకునే పంచెలు రోజుకు నాలుగు నుంచి ఒకటికి వచ్చాయి. సంచిలో ఒక పంచె వేసుకుని ధర్మవరం బస్సెక్కాడు.

చౌడక్క మిషను కింద మోటరు ముప్పై కిలోల పైనే ఉంటుంది. బోల్టులు విప్పి, దాని ముందు గొంతుక్కూర్చుని, ఆగాడు. బిగించాడు. ఎత్తాడు. పొడిగానే ఉంది. సాయంత్రానికి వైండింగు చేసి మళ్లీ ఎత్తేముందు కూడా అలాగే ఆగాడు. దించాక మాత్రం పట్టు నూగు గొంతులో పడి దగ్గు వచ్చింది. రెండు బొట్లు. పంచె పైకి కనబడలేదు.

"ఎత్తే ముందర దేవునికి మొక్కుకుంటాండావేమన్నా?" అంది చౌడక్క.

అబద్ధం చెప్పడానికి ఓపిక లేక ఉన్నది చెప్పాడు. ఆమె నవ్వలేదు. దారం చుట్టే ఆడవాళ్ల వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఆడోళ్లకూ చేస్తారా అది?"

"నీకెందుకు?"

"మూడో కాన్పు నుంచి తుమ్మొస్తే నాదీ అదే కత. ఎవురికి చెప్పుకునేది?"

ఓబుళప్ప చేతిలో స్పానరు ఆగింది. పోయిన తన ఇంటిది గంగులమ్మ కూడా ముగ్గురిని కన్నది. తుమ్ము వస్తే కాళ్లు దగ్గరికి పెట్టుకుని గోడ పట్టుకునేది. మోటరు గొంతు కాస్త మారితే నిద్రలోంచి లేచిపోయేవాడు తను. అలా ఎందుకు నిలబడతావే అని ఆమెను ఒక్కనాడూ అడగలేదు.

"హిందూపురంలో ఉమారాణి అని ఉండాది" అన్నాడు. "ఆమె చెప్పినట్టు చెయ్యి. నా మాదిరి తెలివి చూపియ్యొద్దు."

స్విచ్చు వేశాడు. మోటరు తిరిగింది. చెవి పెట్టి విన్నాడు, ఏ తేడా లేదు.

"ఆ మూల మిషను కూడా వేడెక్కుతాండాదన్నా" అంది చౌడక్క. "దానికి మీ తమ్ముణ్ణి..."

"రేపొద్దున నేనే వస్తా. వాడు ఈ గడప తొక్కినాడంటే నేను తొక్కను."