ముత్తక్క సాక్ష్యం

రంజిత పడిపోయిన మధ్యాహ్నం సోలార్ పార్కు గేటుకు తాళం వేసే ఉంది. ఇది విన్న కథ కాదు. ప్యానెళ్ళు తుడిచే ఆడవాళ్ళలో నేనూ ఒకదాన్ని. అద్దాలు పెనంలా కాలుతుంటే ఆ పిల్ల తుడుపు కర్రతో సహా కూలిపోయింది. కాంట్రాక్టరు గంగాధరప్ప జీపు మాత్రం షెడ్డు నీడన చల్లగా నిలబడి ఉంది.

"ఆస్పత్రికి జీపు పంపప్పా!" వాళ్ళమ్మ ముత్తక్క అతని కాళ్ళు పట్టుకుంది.

"ముందు ఆ వరస కానీండి. పని నిలిస్తే పైవాళ్ళకు ఎవురు జవాబు చెప్పేది?" అన్నాడు.

చీరలో వేసుకుని మేమే మోశాం. హొన్నూరమ్మ రాయితో తాళం పగలగొట్టింది. రంగక్క రోడ్డుకు అడ్డంగా పడుకుని గొర్రెల టెంపోను ఆపింది. పావగడ ఆస్పత్రిలో పిల్ల కళ్ళు తెరిచింది.

ముత్తక్క వాళ్ళది క్రైస్తవ ఇల్లు. గండం గడిస్తే కృతజ్ఞత కూడిక పెట్టి, మేలు చేసినవాళ్ళను నలుగురిలో పేరుపేరునా తలుచుకోవడం వాళ్ళ ఆనవాయితీ. అది తెలిసి గంగాధరప్ప ఆమె ఇంటికి వచ్చాడు. లేబర్ ఆఫీసు విచారణ ఉంటుందని అతనికి గుబులు పట్టుకుంది.

"బిడ్డను నా జీపే తీసుకుపోయిందని కూడికలో చెప్పు. మీ తాత అప్పు కింద మా ఇంట్లో జీతగాడు. మా తాత విడిచిపెడితేనే గదా మీరు మనుషులైంది? ఆ విశ్వాసం ఉండాల. లేదంటే తల్లికీ బిడ్డకీ పని లేదు."

చూడండి వీళ్ళ తెలివి! మనిషిని కట్టేసేదీ వీళ్ళే, విప్పినందుకు దండం పెట్టమనేదీ వీళ్ళే.

ఆదివారం రేకుల చర్చి నిండిపోయింది. సన్మాన సభ అనుకున్నాడేమో, గంగాధరప్ప ముందు కుర్చీలో పంచె సర్దుకుంటూ తన పేరు కోసం ఎదురుచూస్తున్నాడు. ముత్తక్క లేచింది. ఆ కూలి తప్ప ఆ ఇంటికి వేరే ఆధారం లేదు.

"దేవునికి స్తోత్రం. తాళం పగలగొట్టిన హొన్నూరమ్మకు వందనాలు. రోడ్డు మీద పండుకున్న రంగక్కకు వందనాలు. గొర్రెల్ని దించి చోటిచ్చిన టెంపో ఓబళప్పకు వందనాలు. జీపు ఆడనే ఉండాది. కదల్లేదు."

గంగాధరప్ప చివాలున లేచాడు. "ఉప్పు తిన్న విశ్వాసం లేదు మీకు!"

"మా తాతను ఎవురూ విడిచిపెట్టలేదప్పా. ఒకనాటి పొద్దున మీ ఎద్దుల్ని అట్లే వదిలేసి, తానే వచ్చేసినాడు. ఆయన కాళ్ళకూ వందనాలు."

పాస్టరు నోరు తెరిచేలోపే మేమంతా ఆమెన్ అనేశాం. మాలో సగం మంది అంతకుముందు చర్చి గడప తొక్కనివాళ్ళే.

సోమవారం తల్లినీ బిడ్డనూ గేటు దగ్గరే ఆపేశారు. మాలో ఒక్కరూ లోపలికి పోలేదు. కర్రలు పడేసి అక్కడే కూర్చున్నాం. ప్యానెళ్ళ మీద దుమ్ము పేరుకునే కొద్దీ పైవాళ్ళకు కోపం పేరుకుంది. చివరికి పోలీసులు దిగారు. ఎవరి బండిలో అనుకున్నారు? గంగాధరప్ప జీపులోనే. తాళం పగలగొట్టిన కేసని హొన్నూరమ్మను ఎక్కించారు.

"నా నోటితో నేనే నీ పేరు చెప్తినే హొన్నూరమ్మా!" ముత్తక్క తల బాదుకుంది.

"చెప్పితివి, మంచిదే. నా పేరు ఇంతవరకూ యాడా ఎవురూ చెప్పలేదు" అంది హొన్నూరమ్మ.

అప్పుడు రంజిత, ఇంకా సరిగ్గా నడవలేని పిల్ల, పోయి జీపు ముందు చక్రాల దగ్గర కూర్చుంది.

"నేను పడితే కదలని జీపు ఈ పొద్దు ఎట్లా వచ్చిందప్పా? ఇప్పుడు కదిలించు, చూస్తాం."

మేమంతా పోయి ఆమె పక్కనే కూర్చున్నాం.