నాలుగో పొర

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని ఆ ఊళ్ళో "కొంచెం" అన్న మాటను మించి ప్రమాదకరమైన మాట లేదు. ఇల్లు తగలబడుతున్నా "కొంచెం వెచ్చగా ఉంది" అంటారే తప్ప గొంతు పెంచరు. పని మానేసిన వడ్రంగి హాల్వర్ బ్రెక్కె ఆ మర్యాదలోనే పుట్టి పెరిగాడు.

లూథరన్ చర్చి పైకప్పు మీద, పెంకుల్లా పరిచి మేకులు కొట్టే షింగిల్స్ కొత్త పొర వేయించమని ఆర్డిస్ అనే ముసలావిడ, పోయిన భర్త పేరిట విరాళమిచ్చింది. ఆ బరువు ఆగుతుందో లేదో చూసి చెప్పమని కమిటీ హాల్వర్‌ని పంపింది.

అతను నిచ్చెనెక్కి చూరు దగ్గర అంచు లేపి చూశాడు. అప్పటికే మూడు పొరలున్నాయి! అవన్నీ ఎవరెవరో పోయినవాళ్ళ పేరిట వేయించినవే. పీకితే వాళ్ళ జ్ఞాపకాన్ని చెత్తలో పారేసినట్టవుతుందని, పాతదాని మీద కొత్తది దిగ్గొట్టుకుంటూ పోయారు మహానుభావులు. కప్పు నడినెత్తి వెంబడి దారం లాగితే నాలుగు వేళ్ళ మేర కుంగి ఉంది. యాభై ఏళ్ళుగా ఆ చర్చి విందులు తిన్న మనిషి, తిన్నింటి వాసాలు లెక్కపెట్టడానికి అటకెక్కాడు. పదకొండో వాసం జానెడు పొడవున చీలింది. సరిగ్గా దాని కిందే ఆర్గన్ ఉంది. దాన్ని వాయించేది అతని భార్య సిగ్నె. మంచు పడడానికి ఇంకో నెల కూడా లేదు. పడితే ఆ బరువూ ఈ కప్పు మీదే.

గురువారం చర్చి నేలమాళిగలో కమిటీ కూర్చుంది. ఆర్డిస్ కూడా వచ్చింది. సిగ్నె అందరికీ కాఫీ పోస్తోంది.

"ఏమయ్యా హాల్వర్, ఆగుతుందా?" అన్నాడు అధ్యక్షుడు గెర్హార్డ్.

"కొంచెం ఆలోచించాలేమో."

"అంటే ఆగుతుందనేగా!"

"ముందు వైపు ఓ వాసం కొంచెం పగిలింది..."

గెర్హార్డ్ పకపకా నవ్వాడు. "ముందు బెంచీల్లో మా తాతల నాటి నుంచీ ఎవడు కూర్చున్నాడయ్యా? అందరం వెనకాలే కదా సర్దుకునేది! పడితే పడనీ, అక్కడ ఎవరున్నారు గనక?"

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. అలవాటు కొద్దీ హాల్వరూ నవ్వాడు.

కాఫీ ధార ఆగింది. "నలభై ఒక్కేళ్ళుగా అక్కడ నేనుంటున్నాను," అంది సిగ్నె.

"అయ్యో, మీ సంగతి కాదమ్మా, బెంచీల సంగతి..." అని నీళ్ళు నమిలాడు గెర్హార్డ్.

ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "పగిలింది నా నెత్తి మీదా?"

"కొం..." అనబోయి హాల్వర్ మింగేశాడు. లేచి నిలబడ్డాడు. "ఆగదు! నాలుగోది దేవుడెరుగు, ఈ మూడే మొయ్యలేక చస్తోంది! మంచు పడితే నా సిగ్నె బతకదు! మొత్తం పీకి పారెయ్యండి!"

ఆ నేలమాళిగలో అంత గొంతు ఎవరూ ఎన్నడూ వినలేదు. అందరూ సిగ్గుతో కాఫీలోకి చూస్తూ కూర్చున్నారు. ఆర్డిసే అందుకుంది.

"పీకెయ్యండర్రా. బతికున్నన్నాళ్ళూ ఆయన్ని నేను మోశాను. చచ్చాక కూడా ఇంకోళ్ళు మొయ్యాలా?"

చేతులన్నీ ఒక్కసారిగా లేచాయి. "ఈ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చుగా!" అని గొణిగాడు గెర్హార్డ్. హాల్వర్‌కి ప్రాణం లేచొచ్చింది. గెలిచినవాడిలా కూర్చుని, కాఫీ కోసం చెయ్యి చాచాడు.

సిగ్నె అందరికీ మళ్ళీ పోసుకుంటూ వచ్చి అతని దగ్గర ఆగింది.

"నువ్వూ నవ్వావు," అని, పోయకుండానే దాటిపోయింది.