తెల్లకోటు తమ్ముడు

గాయం లోతు ముందు చెప్పాలా, ప్రాణం పోయిన వేళ ముందు చెప్పాలా, పొద్దున బట్టీ పట్టినప్పుడు గడగడా వచ్చింది, ఇప్పుడు నాలుక మీద ఒక్క ముక్క నిలవడం లేదు, ఏళ్ళ తరబడి ఈ సీరియల్లో శవపరీక్షల డాక్టరునే, ఇవాళ కొత్తగా ఏమొచ్చింది, అంతలో బల్ల మీది శవం మళ్ళీ తుమ్మింది, డైరెక్టరు కట్ కట్ అని అరిచాడు, సారీ సార్, ఏసీ పడట్లేదు, అంది శవం దుప్పటి లోంచి, అందరితోపాటు నేనూ నవ్వాను, నవ్వుతూనే తలుపు వైపు చూశాను, అక్క, చేతిసంచి గుండెలకు అదుముకుని అక్క, బావ పోయి నెల తిరగలేదు, ఎన్నిసార్లు పిలిచినా షూటింగు చూడటానికి రాని మనిషి ఇవాళ ఎందుకొచ్చినట్టు.

భోజనాలకు వదిలారు, శవం అందరికంటే ముందు పరిగెత్తింది, అక్క వచ్చి ఆ ఖాళీ బల్ల పక్కనే స్టూలు మీద కూర్చుంది, బయట కూర్చుందాం రా అక్కా, వద్దులేరా, కాళ్ళు లాగుతున్నాయి, ఏమైనా తింటావా, వద్దు, బల్లని వేలితో రుద్ది చూసింది, ఇది నిజంది కాదుగా, కాదక్కా, చెక్కకి రేకు కొట్టారంతే, ఊఁ అంది, తల ఎత్తకుండానే, ఒరేయ్, నువ్వు చెప్పు, మీ బావ డాబా మీంచి జారాడా, దూకాడా.

నన్నా అడిగేది, చిన్నప్పుడు మెట్ల మీద పడి తన మోకాలు చీరుకుపోతే ఆ రక్తం చూసి కళ్ళు తిరిగి పడింది నేను, కుంటుకుంటూ నన్ను ఇంటికి మోసుకెళ్ళింది తను, అది మర్చిపోయిందా, లేక ఈ తెల్లకోటు చూసి నిజంగానే నమ్ముతోందా, చెప్పులు డాబా గుమ్మం దగ్గర పక్కపక్కనే విప్పి పెట్టాడురా, అంటోంది అక్క, నేల తడిగా ఉందని విప్పాడా, లేకపోతే, అని ఆగిపోయింది, టీ పెట్టు, ట్యాంకు చూసి వచ్చేస్తా అన్నాడు, వచ్చేస్తా అన్నవాడు అలా చేస్తాడా, చెయ్యడు కదా, కానీ అంతకుముందు వారం రోజులు సరిగా మాట్లాడలేదు, ఏమో మరి, పన్నునొప్పి అన్నాడు, పన్నునొప్పికి మనిషి అంత మౌనంగా అయిపోతాడా.

ఏదో ఒకటి చెప్పాలి, జారాడని చెబితే ఈ రాత్రయినా కంటిమీద కునుకు పడుతుంది, నా చెయ్యి దానంతట అదే కాలరు సర్దుకుంది, గొంతు దానంతట అదే గంభీరమైంది, చూడండి, దూకిన మనిషి గోడకి దూరంగా పడతాడు, జారినవాడు గోడ వారనే పడతాడు, కాబట్టి, అక్క నా మొహంలోకి చూసింది, చూడండి ఏంట్రా, పోయిన శుక్రవారం సీరియల్లో ఆ ఇన్‌స్పెక్టరుతో అన్న మాటలే కదా ఇవి, కాలరు కూడా అచ్చం అలాగే సర్దుకున్నావు, కాలరు మీంచి చెయ్యి తీసేశాను, ఆ మాటలు నిజమో కాదో నాకు తెలియదు, రాసిన కుర్ర రచయితకైనా తెలుసో లేదో.

సీరియల్లో అయితే ఒక్క వెంట్రుక దొరికితే చాలు, అడ్వర్టైజుమెంట్లు పోను ముప్పావుగంటలో అంతా తేలిపోతుంది, ఇక్కడ పోయింది నిలువెత్తు మనిషి, నాకు బండి నడపడం నేర్పినవాడు, నా పెళ్ళిలో నాకంటే ఎక్కువ హడావిడి పడ్డవాడు, ఆఖరిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు గేటు దాకా వచ్చి నా బండి హ్యాండిలు పట్టుకుని నిలబడ్డాడు, ఏంటి బావా అంటే, ఏం లేదులే, పో, అన్నాడు, ఏం లేదంటే ఏం లేదనా, ఏదో ఉందనా, ఆ ఒక్క మాటనే అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నాను ఇన్నాళ్ళుగా, ఒక పూట జారాడనిపిస్తుంది, ఇంకో పూట అప్పుడే బండి దిగి ఉంటే బావుండేదనిపిస్తుంది, ఇది అక్కకి చెప్పకూడదు, చెబితే తట్టుకోలేదు, కానీ నా నోరు అప్పటికే చెప్పేస్తోంది, గేటు సంగతి, హ్యాండిలు సంగతి, తెలీదక్కా, నాకేం తెలీదు, నేనూ అదే ఆలోచిస్తున్నాను, ఎటూ తేలట్లేదు.

తిడుతుందనుకున్నాను, తిట్టలేదు, బావ పోయినప్పటినుంచి కంట తడి పెట్టని మనిషి నా భుజం మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది, మా అత్తకి తెలుసురా, జారాడు అంటుంది, పక్కింటావిడకి తెలుసు, దూకాడు అంటుంది, పోలీసులకి తెలుసు, ప్రమాదమని కాగితం మీద రాసిచ్చారు, అందరికీ తెలుసు, కట్టుకున్న నాకొక్కదానికే తెలీదేంటా అని సిగ్గేసిందిరా, షాట్ రెడీ అని బయట ఎవరో కేక వేశారు, మేకప్ అతను తలుపు తీసి మమ్మల్ని చూసి మళ్ళీ వేసేశాడు, నేను లేవలేదు, బావ జారాడో దూకాడో అక్కకి ఎప్పటికీ తెలియదు, నాకూ తెలియదు, అక్క ఇంత దూరం వచ్చింది జవాబు కోసం కాదు, తనలాగే తెలియని మనిషి ఇంకొకరు ఉన్నారేమోనని.