కరెంటు తాగని మిషను

బూడిదలో పీచు అద్ది ఇత్తడి గిన్నె పట్టుకోగానే పద్మకుమారి వేళ్ళ సందుల్లో చుర్రుమంది. ఆ సంగతి గిన్నెకి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియలేదు. తెలిసినా చేసేదేమీ లేదు. చర్మం నాని నాని పగిలి, ఎర్రగా విచ్చుకుని ఉంది. ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆ చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసి, పదిహేను రోజులు నీళ్ళలో పెట్టొద్దనీ, పెడితే ఏ మందూ పని చెయ్యదనీ హిందీలో చెప్పి చీటీ రాసిచ్చింది. పదిహేను రోజులు! పద్మకుమారికి నవ్వొచ్చింది. జంషెడ్‌పూర్ సీతారాండేరా పేటలో అత్తా, మావా, మొగుడూ, ఇద్దరు పిల్లలూ ఉన్న ఇంట్లో పొద్దుటి కంచాలు ఆరేలోపు మధ్యాహ్నం కంచాలు తయారు. డాక్టరమ్మ ఇంట్లో ఎవరు తోముతారో పాపం.

"నీళ్ళల్లో ఎట్టకుండా సేతులు నెత్తినెట్టుకుంటాదేటి? మేం తోమలేదా?" అంది అత్త సింహాచలమ్మ.

మొగుడు పోలరాజు మాత్రం చీటీని రెండుసార్లు చదివి, "ఆగు, నానొకటి సేత్తాను" అన్నాడు.

పోలరాజు కంపెనీలో ఫిట్టరు. ఎక్కడైనా మోటారు ఖాళీగా కనిపిస్తే ఆయన ప్రాణం ఊరుకోదు. వెనకటికి ఉయ్యాలకి మోటారు బిగించి, పెద్దపిల్లాణ్ణి గోడ దాటించబోయిన ఘనుడు. కద్మా పేటలో ఒక ఆఫీసరు బంగళాకి ఫ్యాను బాగుచెయ్యడానికి వెళ్ళినప్పుడు, కంచాలు తోమే ఫారిన్ మిషనుని చూసొచ్చాడు. మూడు ఆదివారాలు వరండాలో కూర్చుని, నూనె డ్రమ్మూ, పాత కూలరు మోటారూ, తీగబుట్టా, నీళ్ళు కాగబెట్టే రాడ్డూ కలిపి అలాంటిదే తయారు చేశాడు.

నిజంగానే తోమింది! డ్రమ్ము గడగడలాడుతూ, ఇల్లంతా అదురుతూ ఉంటే పద్మకుమారి పక్కన నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కట్టుకుంది, విప్పుకుంది, చివరికి గడపమీద కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది. పెళ్ళై తొమ్మిదేళ్ళయింది గానీ, అందరూ తిన్న తర్వాత ఆమె ఇలా కూర్చోవడం ఇదే మొదలు. కంపెనీ పొగగొట్టాల వెనక ఆకాశం అంత ఎర్రగా ఉంటుందని ఇన్నాళ్ళూ వినడమే.

అంతలో వాకిట్లోంచి కేక. సింహాచలమ్మ కరెంటు మీటరు ముందు మెడ ఎత్తి నిలబడి ఉంది.

"ఒరే పోలరాజూ! సెక్రం గిరగిరా తిరిగిపోతందిరా! బొంగరంలాగుందిరా!"

పోలరాజుకి కంపెనీలో అలవాటు, ఏది నడిపినా రిపోర్టు రాయాలి. కేలెండరు కాగితం వెనక రాశాడు. మిషను: నీళ్ళు నాలుగు బకెట్లు, కరెంటు అర యూనిట్టు.

"కొత్త మిషనమ్మా. మొదట్లో తాగుతాది. పదిహేను రోజులు నడిపితే రన్నింగులో పడతాది, తాగుడు తగ్గుతాది" అన్నాడు.

"పదిహేను రోజులా? కుళాయి వచ్చేదే గంట!"

పక్కరోజు అవే గిన్నెలు, అవే కంచాలు పద్మకుమారి చేత తోమించారు. పోలరాజు పక్కన నిలబడి బకెట్లు లెక్కపెట్టాడు. అదే కాగితం మీద కింద రాశాడు. పద్మ: నీళ్ళు రెండు బకెట్లు, కరెంటు సున్నా.

"మరింకేటి!" అంది సింహాచలమ్మ. "పద్మ కరెంటు తాగదు కదరా!"

అందరూ నవ్వారు. అలవాటు కొద్దీ పద్మకుమారి కూడా నవ్వింది. ఏ పందెంలోనైనా గెలిచినవాళ్ళకి కప్పు ఇస్తారు. పద్మకుమారికీ ఇచ్చారు, సాసర్లతో సహా, తోమమని. మిషను మీద గోనెపట్టా పడింది. కాగితం వంటింటి మేకుకి వేలాడింది, డాక్టరమ్మ చీటీ దాని వెనక్కి పోయింది. పొయ్యి దగ్గర నిలబడ్డప్పుడల్లా పద్మకుమారి కళ్ళు ఆ కాగితం మీదికే వెళ్ళేవి. నీళ్ళకి ఒక గడి, కరెంటుకి ఒక గడి. చర్మానికి గడి లేదు. తను రెండు బకెట్లతో ఎందుకు సరిపెడుతుందో అడిగినవాళ్ళు లేరు. ఆ నీళ్ళు కుళాయి దగ్గర వరసలో నిలబడి, నడుం మీద మోసుకొచ్చేది తనే. మోసినవాళ్ళకే కదా బరువు తెలిసేది! నడిచిన ఆ ఒక్కరోజూ మిషను మోటారు వేడెక్కితే ఆయన చెయ్యి పెట్టి చూసి ఆపాడు. నూనె వేశాడు. ఆ చెయ్యే ఒక్కసారి తన వేళ్ళు పట్టుకుని చూస్తే ఎలా ఉండేదో అనుకుని, అనుకున్నందుకు తనమీద తనకే కోపం వచ్చి, మళ్ళీ పీచు అందుకునేది.

విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు జంషెడ్‌పూర్‌లో ఏ పనివాడూ పనిముట్టు ఎత్తడు. వాటికి దండలేసి, సిందూరం పెట్టి, సెలవిస్తారు. పోలరాజు పొద్దున్నే గోనెపట్టా తీసి, మిషనుని తుడిచి, బంతిపూల దండ వేసి, సిందూరం అద్ది, కొబ్బరికాయ కొట్టాడు. కంపెనీలో పూజ చూసుకుని, మధ్యాహ్నానికి తనతో పనిచేసే దోస్తులు నలుగుర్ని భోజనానికి వెంటబెట్టుకొచ్చాడు. మాంసం కూర జిడ్డుతో కంచాలు కుప్పపడ్డాయి.

"బావా, మిషను నడిపి సూపించవేటి?" అన్నాడు వాళ్ళలో ఒకడు, తవిటయ్య, మూతి తుడుచుకుంటూ.

"సీ సీ! ఇవ్వాళ పనిముట్టుని ముట్టుకోకూడదురా. కంపెనీలో రెంచీ కూడా ఎత్తలేదు మనం" అని చెంపలేసుకుని, అదే ఊపులో వంటింటి వైపు తిరిగి, "పద్మా, ఈ కంచాలు తోమీసి టీ ఎట్టు!" అన్నాడు.

పద్మకుమారి కంచాల కుప్పని చూసింది. వరండాలో దండ వేసుకుని కులాసాగా కూర్చున్న డ్రమ్ముని చూసింది. సిందూరం పళ్ళెం ఇంకా గట్టు మీదే ఉంది. వేలు సిందూరంలో ముంచింది. రెండు మణికట్లకీ బొట్లు పెట్టుకుని, మేకున ఉన్న కాగితం తీసుకుని బయటికొచ్చింది.

"సదువు తవిటయ్యన్నా, గట్టిగా."

తవిటయ్య చదివాడు. నాలుగు బకెట్లు, అర యూనిట్టు. రెండు బకెట్లు, సున్నా.

"ఒకే కాయితం మీద రెండు మిషన్లు రాసినావు మావా" అంది పద్మకుమారి మొగుడితో. "ఒకదాన్ని దండేసి కూకోబెట్టినావు. రెండోదాన్ని ఇవ్వాళ ఎలగ నడుపుతావు? విశ్వకర్మకి కోపం రాదేటి?"

"అరె, భాభీనే పకడ్ లియా! వదిన పట్టేసింది!" అని దోస్తుల్లో ఒకడు తొడ చరుచుకున్నాడు. దేవుడు అడ్డొచ్చేసరికి పోలరాజు దిక్కు కోసం తల్లివైపు చూశాడు.

సింహాచలమ్మ లేచొచ్చి కోడలి చేతులు పట్టుకుంది. సిందూరం రాలి పగుళ్ళలోకి దిగింది. ఏ ఎరుపు ఏదో తెలియడం లేదు. ముసలామె ఆ పగుళ్ళు చూసింది. తర్వాత తన చేతులు చాపింది.

"నాకూ ఎట్టమ్మీ. నలబై ఏళ్ళు నడిసిన మిషను. ఒక్కపాలీ ఎవులూ దండెయ్యలేదు."

పద్మకుమారి పెట్టింది. పెడుతుంటే ఇద్దరికీ నవ్వూ, ఏడుపూ కలిసొచ్చాయి.

పోలరాజు ప్యాంటు మడిచి, కంచాల కుప్ప ఎత్తుకుని తోమడానికి పెరట్లోకి నడిచాడు. తవిటయ్య వెనకే వెళ్ళి, వీధంతా వినిపించేలా బకెట్లు లెక్కపెట్టాడు. పద్మకుమారి మిషను పక్కన కూర్చుంది. ఈసారి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో వెతుక్కోలేదు. అవి ఒళ్ళో పొడిగా, వెచ్చగా, తన సొంతంలా ఉన్నాయి. వీపులోంచి ఏదో బరువు దిగిపోతున్నట్టుంది.

"ఎనిమిది!" అని కేక వేశాడు తవిటయ్య.

"ఎనిమిది బకెట్లా!" సింహాచలమ్మ ప్రాణం ఉసూరుమంది. "ఒలమ్మో, ఈడికిత్తే గంగ సాలదు! అమ్మీ, రేపట్నించీ నువ్వే..."

పద్మకుమారి పిల్లాడి పెన్సిలు తీసుకుంది. కాగితం మీద మూడో వరస రాసింది. పోలరాజు: నీళ్ళు ఎనిమిది బకెట్లు, కరెంటు సున్నా. దాన్ని మేకుకి గుచ్చి, దానిమీద డాక్టరమ్మ చీటీ గుచ్చింది.

"కొత్త మిషను కదత్తా" అంది నెమ్మదిగా. "పదిహేను రోజులు నడిపితే రన్నింగులో పడతాది."