ముందు చాప

మా అత్త ఎలిశబెతమ్మ ఏ విందులోనూ పంక్తిలో కూర్చుని తిని ఎరగదు. అందరూ తిని చేతులు కడుక్కున్నాక, వంటింటి గడప మీద కూర్చుని, అడుగున మిగిలిన పులుసుతో కానిచ్చేది. ఆ సంగతి మా సంఘంలో తెలియని మనిషి లేడు. తెలియకపోతే ఆవిడే చెప్పేది. తగ్గించుకోవడం మా అత్తకు ఇష్టమే, కాకపోతే ఎవరో ఒకరు చూడాలి. ఇక ఆవిడ వడ్డించే ఇత్తడి గరిటె సంగతి అడగొద్దు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి దాని మీద నా చెయ్యి పడనివ్వలేదు.

ఇది అరవై రెండులో ఈస్టరు నాటి మాట. మా పేట కోవూరుకు తూర్పున, సముద్రం హోరు వినపడేంత దూరంలో ఉంటుంది. ఆ పొద్దున్నే మా కాలవలో యానాదుల పిచ్చమ్మ, ఆమె కొడుకులు, కోడళ్ళు బాప్తిస్మం తీసుకున్నారు. మధ్యాహ్నం గుడి ముందు పందిట్లో ప్రేమవిందు. దానికి రమ్మంటే పిచ్చమ్మ మా పాస్టరు సమాధానం అయ్యగారిని ఒక్కటే అడిగింది.

"మీతో కలిపి కూచోబెడతారా అయ్యా, ఎడంగా పెడతారా? రైతుల పెళ్ళిళ్ళల్లో గడ్డివామి ఎనకాల తిని తిని ఇసుగొచ్చింది. ఈడ గూడా అట్నే అయితే ఇంక నేను రాను, నా బిడ్డలూ రారు."

"అందరికీ ఒకే పంక్తి పిచ్చమ్మా. నాదీ పూచీ," అన్నారు అయ్యగారు.

అంతవరకూ బాగానే ఉంది. కొంప ముంచింది ఆ రోజు ప్రసంగం. విందుకు పిలిస్తే ఎగబడి ముందు చోట కూర్చోకూడదు, వెనక చోటు వెతుక్కోవాలి అని అయ్యగారు గుండెలు కరిగేలా చెప్పారు. మావాళ్ళు ఏ ప్రసంగాన్నీ గుడి మెట్లు దాటనివ్వరు గానీ, దీన్ని మాత్రం నేరుగా పందిట్లోకి మోసుకొచ్చారు.

పందిట్లో చాపలు పరిచి, విస్తళ్ళు వేసి, నీళ్ళు చిలకరించి ఉన్నాయి. ఎన్నడూ ముందు చాప వదలని బడిపంతులు ఆనందబాబు గారు ఆ రోజు చేతులు కడుక్కునే తొట్టి పక్కన ఇరుక్కున్నారు. ఆయనకంటే ఎక్కువ తగ్గించుకోవాలని ఆయన బావమరిది పందిరి గుంజకు అవతల ఎండలో కూర్చున్నాడు. "నువ్వు ముందుకు పో," "నువ్వే పో అన్నా" అని ఒకటే తోపులాట. ఆడవాళ్ళందరూ కొంగులు బిగించి వడ్డనకే నిలబడ్డారు. మామిడికాయ వేసిన చేపల పులుసు గుండిగలో చల్లారిపోతూ ఉంది.

అప్పుడు పిచ్చమ్మ తన వాళ్ళతో వచ్చింది. "ముందుకు పో పిచ్చమ్మా, ముందుకు!" అని అందరూ చేతులూపారు. వాళ్ళు ముందు చాప మీద కూర్చున్నారు. పిచ్చమ్మ పక్కకు చూసింది, ఖాళీ విస్తళ్ళు. వెనక్కి చూసింది. అంత దూరాన మావాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడి కూర్చుని ఉన్నారు.

"లెయ్యండి బిడ్డా, పోదాం," అని పిచ్చమ్మ లేచింది.

అయ్యగారు పరుగెత్తుకొచ్చారు. "ఏమైంది పిచ్చమ్మా? ముందు చాపే ఇచ్చాం కదా?"

"ఇచ్చినారయ్యా. మా పక్కన ఒక్కరన్నా కూచున్నారా? గడ్డివామి ఎనకాలైతే ఏంది, పందిట్లో ముందైతే ఏంది? ఎడం ఎడమే గదా."

ఆనందబాబు గారు తొట్టి దగ్గర నుంచే గొంతు సవరించుకున్నారు. "అది కాదమ్మా, ప్రసంగంలోని సారాంశం ఏమంటే..."

నాకు ఒళ్ళు మండింది. ఆకలితో వచ్చిన మనిషికి సారాంశం వడ్డిస్తాడా ఈయన? అప్పటికే పిచ్చమ్మ కోడళ్ళు పిల్లల్ని చంకనేసుకున్నారు. ఇప్పుడు పోతే వాళ్ళు మళ్ళీ మా గుడి గడప తొక్కరు.

మా అత్త గుండిగ దగ్గర కొయ్యబారిపోయింది. చేతిలో గరిటె వంక చూసుకుంది, పిచ్చమ్మ పక్కనున్న ఖాళీ విస్తరి వంక చూసింది. ఎలిశబెతమ్మ పంక్తిలో కూర్చోదు అన్న పేరు ఆవిడ ఇన్నేళ్ళుగా సంపాదించుకున్న ఆస్తి. ఉన్నట్టుండి గరిటె నా చేతిలో కుక్కి, మోకాళ్ళు పట్టుకుంటూ వెళ్ళి, ముందు చాప మీద చతికిలబడింది.

"కూచో వదినా," అంది పిచ్చమ్మతో. "నాకు ఆకలిగా ఉండాది. నువ్వు పోతే నా పక్కన ఎవురూ రారు. ఈళ్ళ సంగతి నాకు తెలుసు, పొద్దుగూకిందాకా ఆ మూలల్లోనే కూచుంటారు."

పిచ్చమ్మ ఆవిడను ఎగాదిగా చూసి, మెల్లగా కూర్చుంది. నేను వడ్డన మొదలుపెట్టాను. మా అత్త అలవాటు ఎక్కడికి పోతుంది? మెతుకు పడకముందే "చాలు, చాలు" అని విస్తరికి చేతులడ్డం పెట్టి లేవబోయింది. పిచ్చమ్మ రెక్క పట్టుకుని కూర్చోబెట్టింది. తన విస్తట్లో పడిన చేప తలకాయ తీసి మా అత్త విస్తట్లో వేసింది.

"తిను వదినా. ఊరందరికీ పెడతావంట గదా. నీకు పెట్టేదెవురు?"

"మా అమ్మ పోయినాక ఎవురూ లేరు," అంది మా అత్త. అన్నం కలుపుతూనే ఏడ్చేసింది. ఆవిడ ఏడవగా నేను చూడటం అదే మొదలు.

పిచ్చమ్మ తిని, చెయ్యి కడుక్కుని, నా ముందుకొచ్చి నిలబడింది. "ఆ గరిటె ఇట్టియ్యి బిడ్డా. ఇప్పుడు నేను పెడతా."

యానాదామె పక్కన కూర్చోవడం వేరు, ఆమె చేతి వడ్డన తినడం వేరు. అది ప్రసంగంలో లేదు. నేను మా అత్త వంక చూశాను.

"ఇయ్యవే. చూస్తా ఉండావేంది?" అని కసిరింది.

ఇన్నేళ్ళు ఎదురుచూసిన గరిటె నా చేతిలో ఒక్క పూటైనా నిలవలేదు. పిచ్చమ్మ దాన్ని అందుకుని తొట్టి వైపు తిరిగింది. "పంతులయ్యా, ఆ మూలకి గుండిగ రాదు. తినేవోళ్ళు ముందుకి రావాల."

అయ్యగారు అప్పటికే వచ్చి ముందు చాప మీద కూర్చున్నారు. ఆనందబాబు గారు లేచి వచ్చి ఆయన పక్కన చేరారు. ఎండలో మాడుతున్న బావమరిది ఆయన వెనకే వచ్చాడు. ఆ తర్వాత అందరూ వచ్చారు.

పిచ్చమ్మ మొదటి గరిటె మా అత్త దగ్గరికే తెచ్చింది. మా అత్త చేతులు అలవాటు కొద్దీ విస్తరి మీదికి లేచి, సగంలో ఆగి, ఒళ్ళోకి దిగిపోయాయి.

"ఇంకొంచెం పెట్టు వదినా," అంది.